ఎముకకు పందిరి

"ప్రయోగశాలలో ఎముకను పెంచుతున్నారట, నిజమేనా?" అని పాఠకులు కొందరు మమ్ములను అడుగుతున్నారు. తుంటి నుండి ఎముక తీసి కాలిలో పెట్టాలని వైద్యులు చెప్పగా, ఆ కొత్త ఎముక వచ్చేదాకా ఆగుదామనుకొంటున్న కుటుంబమొకటి వీరిలో ఉన్నది. అందుచేత ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము.

చర్మం మానితే మచ్చ మిగులుతుంది. ఎముక మానితే అచ్చంగా ఎముకే మిగులుతుంది. చెన్నపట్నంలోని మన వారికి పుత్తూరు కట్టు తెలియనిది కాదు. అయితే విరిగిన కొనలు రెండూ తాకుతున్నప్పటి మాట అది. ప్రమాదంలో నుజ్జయి, లేదా చీముపట్టి, ఒక ముక్కే పోయిందనుకోండి. ఆ ఖాళీని ఏ కట్టూ పూడ్చలేదు. తుంటి ఎముకను కొంత తొలిచి అక్కడ నింపడమే నేటికీ నమ్మకమైన పద్ధతి. కాని రెండో గాయం, రెండో నొప్పి. పైగా అక్కడ దొరికేదీ కొద్దే.

1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ అనే వైద్యుడు ఒక వింత ప్రకటించారు. ఎముకలోని ఖనిజాన్ని ఆమ్లంతో కరిగించి, మిగిలిన మెత్తని భాగాన్ని జంతువుల కండలో పెడితే, ఆ కండలో ఎముక పుట్టింది! ఇక్కడ ఎముక కట్టమని కణాలకు చెప్పే మాంసకృత్తులు అందులో ఉన్నవన్నమాట. వాటిలో ఒకదానిని తయారుచేసి 2002లో అక్కడ వెన్నెముక శస్త్రచికిత్సకు అనుమతించారు. మెడలో వాడినప్పుడు ప్రమాదకరమైన వాపులు వచ్చినట్లు తరువాత తేలింది.

రెండవ దారి, బీరపాదుకు పందిరి వేసినట్లు కణాలకు పందిరి వేయడం. ఎముక ఖనిజాన్ని పోలిన, సన్నని రంధ్రాలున్న పింగాణీ ముక్కపై రోగి మూలుగలోని కణాలను పెంచి ఖాళీలో అమరుస్తారు. 2001లో ఇటలీ, రష్యా వైద్యులు ముగ్గురు రోగుల 4 నుండి 7 సెంటీమీటర్ల ఖాళీలను ఇట్లా పూడ్చినట్లు ప్రకటించారు. ఎముక అతికింది, పందిరి మాత్రం ఏళ్ళు గడచినా కరగలేదు. పెద్ద ముక్కలకు మరో చిక్కు: నడిమికి రక్తం చేరేలోగా అక్కడి కణాలు చనిపోతాయి.

కనుక తుంటి ఎముకతో పని జరుగుతుందని వైద్యులు చెబితే ఆగకండి. అనుమతి లేని మూలకణ చికిత్సను మన దేశంలో పరిశోధనగా మాత్రమే చేయాలని, చేరినవారి వద్ద రుసుము తీసికొనరాదని 2017 నాటి జాతీయ మార్గసూత్రాలు చెబుతున్నవి. లక్షలు అడిగేవారిని అనుమతి పత్రం చూపమనండి. ఇంట్లో రోగికి చుట్ట అలవాటుంటే ముందు అది మాన్పించండి. పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది.