ఇంటి వద్ద వ్యాయామము: తండ్రులకు ఏ యాప్ మేలు?



గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు ఇటీవల తండ్రులు మమ్మును తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి ఉన్నది. "అయ్యగారూ, డాక్టరు వ్యాయామము చేయుమన్నాడు. జిమ్‌కు పోయే తీరిక లేదు. ఫోనులో ఏ యాప్ పెట్టుకొమ్మంటారు?" నిజామాబాదు పట్టణములో దుకాణము నడుపుకొను సహోదరుడు అదే అడుగుచున్నాడు, ఎడపల్లి వైపు పొలము చేసుకొను రైతు కూడ అదే అడుగుచున్నాడు.

రైతుకు వ్యాయామమెందుకని కొందరు నవ్వుదురు. ముప్పది ఏండ్ల క్రిందటి రైతుకైతే అక్కర లేకపోయెనేమో. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. ఆ తరువాత ఈ సీమలో చెరకు తగ్గి వరి పెరిగినది. చెరకు నరుకుట, మోపు కట్టుట, బండికెత్తుట అన్నియు ఒళ్ళు వంచి చేసిన పనులు. ఇప్పుడు దున్నుటకు ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు, పొలము వరకు పోవుటకు మోటారు సైకిలు. పని తగ్గినది గాని పళ్ళెములో అన్నము తగ్గలేదు. దేశములో 10.1 కోట్ల మందికి చక్కెర వ్యాధి, మరి 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో తెలిపినది. కాబట్టి ఆ రైతు అడిగినది తగిన ప్రశ్నయే.

ముందుగా ఎంత చేయవలెనో తెలిసికొందము. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెననియు, కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మోస్తరు శ్రమ అనగా మాటలాడగలము గాని పాట పాడలేము అన్నంత ఆయాసము. దినమునకు లెక్క వేసిన 22 నిమిషములు కూడ కాదు. ఒకే సారి చేయనక్కర లేదు. ఉదయము కొంత, రాత్రి కొంత చేసినను చెల్లును. బోధన్‌లో తొలి బస్సు ఎక్కి నిజామాబాదులో ఉద్యోగము చేసి చీకటి పడ్డాక తిరిగి వచ్చు తండ్రికి ఇది గొప్ప ఉపకారము.

ఇక యాప్‌లు. ఇవి ముఖ్యముగా రెండు విధములు: లెక్కించునవి, నేర్పించునవి. మొదటి విధములో కేంద్ర ప్రభుత్వము వారి ఫిట్ ఇండియా యాప్ ఉన్నది. దానిని 2021 ఆగస్టు 29న విడుదల చేసిరి. ఉచితముగా లభించును. వయస్సును బట్టి మన దారుఢ్యమును మనమే పరీక్షించుకొనవచ్చును, అడుగులును లెక్కించుకొనవచ్చును. అయితే ఫోను జేబులో ఉన్నప్పుడే లెక్క. గట్టు మీద ఫోను పెట్టి మడిలో దిగిన వాని శ్రమ దానికి తెలియదు. గుంతల దారిలో బండి కుదుపులను అడుగులుగా ఎంచు సందర్భములును ఉన్నవి!

అడుగుల విషయములో ఇంకొక మాట. పదివేల అడుగులు నడవకపోతే ప్రయోజనము లేదని దిగులు పడువారు ఉన్నారు. ఆ సంఖ్య ఏ వైద్యుడును తేల్చినది కాదు. 1965లో జపాను కంపెనీ యొకటి అడుగులు లెక్కించు పరికరమును అమ్ముటకై దానికి పెట్టిన పేరులో నుండి వచ్చినది. అమెరికాలో వృద్ధ స్త్రీలపై 2019లో ప్రచురించిన అధ్యయనములో దాదాపు 4,400 అడుగుల నుండియే మేలు కనబడినది, 7,500 దగ్గర ఆ మేలు నిలకడకు వచ్చినది. యాప్ పదివేలు చూపినను మీరు దానిని తగ్గించుకొనవచ్చును.

మా అభిప్రాయములో ఇంటి వద్ద చేయు తండ్రులకు రెండవ విధమే ఎక్కువ అవసరము. 'ఏడు నిమిషముల వ్యాయామము' అను పేరుతో అనేక యాప్‌లు కనబడును. 2013లో ఒక అమెరికా వ్యాయామ పత్రికలో వచ్చిన వ్యాసము వీటికి మూలము. పన్నెండు వ్యాయామములు, ఒక్కొక్కటి 30 సెకండ్లు, నడుమ 10 సెకండ్ల విరామము. ఒక కుర్చీ, ఒక గోడ చాలును. మన పెద్దలు చేసిన దండీలు, బస్కీలు వేరే పేర్లతో ఇందులో ఉన్నవి. ఇది తీవ్రమైన శ్రమ గనుక నలుబది దాటిన వారు మొదటి వారమే పూర్తి వేగముతో చేయరాదు. రక్తపోటు లేక గుండె జబ్బు ఉన్నవారికి గోడకానుకొని కూర్చున్నట్లు నిలుచుట, మోచేతులపై బిగబట్టియుండుట తగవని ఆ వ్యాసములోనే హెచ్చరించిరి. చాలా యాప్‌లు ఈ హెచ్చరికను ఎక్కడో చిన్న అక్షరములలో పెట్టును. ఇన్సులిన్ లేక చక్కెర మాత్రలు వాడువారు మొదలుపెట్టక మునుపే డాక్టరునడుగవలెను. శ్రమతో చక్కెర అకస్మాత్తుగా పడిపోవచ్చును. ఛాతీలో నొప్పి, కన్ను చీకట్లు వచ్చినచో ఆపి ఆస్పత్రికి వెళ్ళుడి.

డబ్బు సంగతి జాగ్రత్తగా వినుడి. ఏడు దినములు ఉచితమని చెప్పి, ఖాతా నుండి డబ్బు దానంతటదే కట్టునట్లు అనుమతి తీసుకొను యాప్‌లు ఉన్నవి. యాప్‌ను ఫోనులో నుండి తీసివేసినంత మాత్రమున చందా ఆగదు. ప్లే స్టోరులో సబ్‌స్క్రిప్షన్లు అను చోటికి వెళ్ళి రద్దు చేయవలెను. ఫోన్‌పే, గూగుల్ పే వంటి వాటిలో ఆటోపే అను చోట కూడ చూడుడి. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము ఇట్టి సొమ్ము తీయుటకు 24 గంటల ముందు కబురు పంపవలెను. ఆ మెసేజీని ప్రకటన అనుకొని చెరిపివేయకుడి. ఇంటి ఖర్చుల డబ్బు కదా!

పెట్టుకొన్న దినముననే రెండు పరీక్షలు చేయుడి. ఫోనులో నెట్ ఆపి తెరువుడి. సిగ్నల్ సరిగా అందని పల్లెలో అది పనిచేయునో లేదో తెలియును. తరువాత అది ఏమేమి అనుమతులు అడుగుచున్నదో చూడుడి. గుంజీలు లెక్కించుటకు మీ ఫోనులోని నంబర్లన్నియు దానికెందుకు?

భాష సమస్య నిజమే. ఇంగ్లీషు రాని తండ్రికి హైస్కూలు చదువు పిల్లవాడు ప్రక్కన నిలిచి చదివి చెప్పవచ్చును, లెక్క పెట్టవచ్చును. ఇంటిలో బీడీలు చుట్టు తల్లి గంటల తరబడి ఒకే చోట కూర్చుండును గనుక ఆమెను కూడ లేపుడి. అయితే ఆమె నీళ్ళు మోసి, వంట చేసి, అలసియున్న వేళ ఆమె యెదుట చాప పరచుకొని వ్యాయామమనుట బాగుండదు. అప్పుడు ఆ బిందె మీరెత్తుడి, అదియు లెక్కలోనికే వచ్చును.

దుబాయిలో, మస్కట్‌లో ఒకే గదిలో పలువురితో నుండు మన సహోదరులకు చాప పరచు జాగా కూడ ఉండదు. మంచము ప్రక్కన నిలిచి గోడను నెట్టుచు చేయు దండీలు, కుర్చీలో నుండి లేచి కూర్చుండుట చాలును. ఇక్కడి కుమారునితో వీడియో కాల్‌లో ఒకే సమయమున చేసినచో ఇద్దరికిని సాగును. అక్కడి గడియారము మనకన్న గంటన్నర వెనుక యుండును గనుక, మన రాత్రి ఎనిమిదిన్నర వారికి ఏడు గంటలు.