తంతి యెవరిది?

భారత ప్రభుత్వము 2017వ సంవత్సరమున శ్రీ త్రిపురనేని హనుమాన్ చౌదరిగారికి పద్మశ్రీ బిరుదము నొసగెను. అభినందనలకంటె ఎక్కువగా చర్చకు అర్హమైనది వారి ఉద్యోగచరిత్ర. కృష్ణాజిల్లాకు చెందిన ఈ ఇంజనీరు కేంద్రప్రభుత్వపు టెలిఫోను శాఖలో పనిచేసి, 1986 ఏప్రిలులో విదేశ సంచార నిగము స్థాపితమైనపుడు దానికి తొలి అధ్యక్షుడును మేనేజింగు డైరెక్టరును అయిరి. అటుపిమ్మట కొలువు వీడి, హైదరాబాదులో టెలికాం అధ్యయన కేంద్రమును నడపుచు, ప్రభుత్వ గుత్తాధిపత్యము తొలగవలెనని వ్రాయుచు, వాదించుచు వచ్చిరి. ఇది తిన్నయింటి వాసములు లెక్కించుట యని కొందరనవచ్చును. మేమట్లనుకొనము. వాసములకు చెదపట్టినదని లోపలివాడు గాక మరెవ్వరు చెప్పగలరు?

ఆ చెద 1885 నాటిది. ఆ సంవత్సరపు తంతి చట్టము దేశమున తంతిని నెలకొల్పుటకును, నడపుటకును హక్కు ప్రభుత్వమునకే అని శాసించెను. 1857లో తంతి తమకు చేసిన మేలును ఆంగ్లేయులు మరువలేదు. పాలితుల చేతికి దానిని పోనిచ్చుటకు వారేమి వెఱ్ఱివారా! విచిత్రమేమనగా, స్వరాజ్యము వచ్చెను గాని ఆ చట్టము పోలేదు. విధానమును నిర్ణయించునదియు, లైసెన్సు లిచ్చునదియు, టెలిఫోను నమ్మునదియు ఒకే శాఖగా చాలకాలము సాగెను. నియంత్రణ సంస్థ వేరుగా ఏర్పడినది 1997లో. 1885 చట్టమునకు బదులుగా క్రొత్త చట్టమును పార్లమెంటు ఆమోదించినది 2023లో.

ఇచ్చట మరియొక దేశమును జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. మనము విక్టోరియా రాణికి లోబడియున్న ఆ కాలముననే ఫిన్లాండు రష్యా చక్రవర్తికి లోబడియుండెను. తంతి రష్యావారిది. కాని టెలిఫోను క్రొత్తగా వచ్చినపుడు, అదియు పీటర్సుబర్గు చేతిలో పడకుండ, 1886 మొదలుకొని ఫిన్లాండు సెనేటే స్థానిక సంఘములకు లైసెన్సులిచ్చెను. ఊరివారు తమ తీగలను తామే వేసికొనిరి. అట్టి సంస్థలు వందలుగా పెరిగెను. బ్యాంకు ఉద్యోగము వదలి 1985లో నోకియాలో చేరి, 1992లో దాని ముఖ్యాధికారియైన యోర్మా ఓలిలా ఆ సంస్థను ప్రపంచమున ప్రథమస్థానమునకు తెచ్చెను. ఆయన సమర్థుడే. అయినను ఆయన నిలిచిన నేల నూరేండ్లుగా దున్నబడినది. మన చౌదరిగారికి దున్నుటకు ముందు బీడు కొట్టుకొనవలసిన పని యుండెను.

నోకియా అనగానే మన పల్లెవారికి ఫిన్లాండు తోచదు; రాత్రివేళ మోటారు వేయబోవునపుడు దారిచూపిన దీపము తోచును. 2003లో వెలువడిన 1100 అను ఫోనుకు తలపై చిన్న దీపముండెను. సత్తెనపల్లి ప్రత్తిచేలకును, దర్శి మెట్టపొలములకును అది మాట మోసికొనిపోవు యంత్రముగాను, టార్చిలైటుగాను వచ్చెను. అంతకుముందటి స్థితిని ఈ తరమువారు ఎరుగరు. ట్రంకుకాలు బుక్కుచేసి పోస్టాఫీసు అరుగుపై పొద్దుగ్రుంకువరకు కూర్చుండిన కాలమది. అవసరమెక్కువయైనవారు రెండింతలు చెల్లించి అర్జంటు కాలు అడిగెడివారు. గుంటూరులో ఫోనుగల వర్తకునికి బొంబాయి ధర ఉదయముననే తెలియును; బండిలో టిక్కీలు వేసికొని వచ్చిన రైతునకు ఆ వర్తకుడు చెప్పినదే ధర. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ గల ఆ దూరమే ఎందరికో ఆస్తి. చౌదరిగారి వాదము గెలుచుటచేత ఆ ఆస్తి కరగెనని మేము సంతోషముతో అంగీకరింతుము. నేడు పర్చూరు రైతు కళ్లములోనే నిలిచి తేజ రకపు ధర తెలిసికొనుచున్నాడు.

ధర తెలియుట వేరు, ధర దొరకుట వేరు. 2025 ఆరంభమున మిర్చి ధర కూలినపుడు ఆ వార్త ప్రతి చేతిలోని ఫోనుకును క్షణములో చేరెను. రైతు తన నష్టమును వెనుకటికంటె వేగముగా వినెను, అంతే. ఫిబ్రవరిలో కేంద్రము క్వింటాలునకు 11,781 రూపాయల ధరను, 2.91 లక్షల టన్నుల పరిమితిని ప్రకటించెను. యార్డులో కాయ ఎండి, కోల్డు స్టోరేజీలు నిండి, అప్పులవాడు గడపలో కూర్చున్న పిదప వచ్చిన ప్రకటన అది.

మరియు గుత్తాధిపత్యము పోయినదని పూర్తిగా అనుటకును మాకు నోరు రాదు. చౌదరిగారు తొలుత నడపిన నిగమును 2002లో ప్రభుత్వము టాటాల యాజమాన్యమునకు అప్పగించెను. ఒక దశలో డజను వరకు ఉండిన టెలిఫోను వ్యాపారులు తగ్గి తగ్గి, దేశమంతటను ముగ్గురు ప్రైవేటువారును ఒక ప్రభుత్వ సంస్థయు మిగిలిరి. 2024 జూలైలో ఆ ముగ్గురును కొద్దిదినముల తేడాతో ఛార్జీలు పెంచిరి. ఒకని పిడికిలి నుండి విడిపడినది ముగ్గురి పిడికిళ్లలో చిక్కుకొనుట చౌదరిగారి వంటి వాదుల లెక్కలో లేకుండెనేమో.

ఇంతకంటె మాకు ఆందోళన కలిగించునది మరియొకటి కలదు. 2025-26 ప్రత్తి కాలమునకు భారత ప్రత్తి సంస్థ మద్దతుధరపై కొనుగోలునకు "కపాస్ కిసాన్" అను ఫోను యాప్‌లో నమోదును విధించెను. పొడుగుపింజ ప్రత్తికి క్వింటాలు 8,110 రూపాయలు కావలెనన్నచో రైతు ఆధారుతో, భూమి పత్రములతో అందులో పేరు వ్రాయించుకొని, అమ్ముటకు దినమును కూడ అందులోనే పొందవలెను. దళారీలను తొలగించుటకే యని చెప్పుచున్నారు. ఉద్దేశ్యమును మేము శంకింపము. కాని గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల రేగడిలో ప్రత్తి వేయువారిలో కౌలుదారులు ఎందరు? వారి చేతిలో భూమి పత్రమేది? 2019 చట్టము చొప్పున సాగుహక్కు పత్రము కావలెనన్నను భూస్వామి అంగీకారముండవలెను. హక్కు పోవునను భయమున అనేకులు సంతకము చేయరు. పత్రము లేనివానికి యాప్ తలుపు తీయదు. అతడు తన ప్రత్తిని ఆ దళారికే, మద్దతుధరకు తక్కువగా, అమ్మును. ఆ దళారి పత్రము గలవాని పేర అదే ప్రత్తిని కేంద్రమునకు తోలుటకు అడ్డేమి కలదు?

చౌదరిగారి తరము పోరాడినది టెలిఫోను లేనివానికి అది దొరకవలెనని. ఫోను దొరికినది, ఇప్పుడు అదే ఫోను కాటా వద్ద కావలి నిలుచుచున్నది. కావున ప్రత్తి సంస్థను మేము అడుగునది మూడు మాటలు. పత్రము లేని కౌలుదారుని సాగును గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలములో చూచి ధ్రువీకరించినచో దానిని అంగీకరింపవలెను. ప్రతి రైతుసేవాకేంద్రమున కాగితముపై కూడ నమోదు సాగవలెను. ఫోను లేనివాడు బండితో నేరుగా వచ్చిన దినమున అతనిని త్రిప్పి పంపక కాటా వేయవలెను. తీత మొదలగుటకు ముందే ఉత్తరువు వెలువడవలెను. ప్రత్తి వానలో తడిసిన పిమ్మట వచ్చు ఉత్తరువు మాకు వలదు.