"టీమ్‌వర్క్ తెలీదు సార్" అని ఇంక చెప్పొద్దు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మొన్న మా హాస్టల్ పిల్లలం కొంతమందిమి ఇంటర్వ్యూ ప్రాక్టీసుకి వెళ్లాం. "ఎప్పుడైనా టీమ్‌లో పనిచేశారా? లీడర్‌గా ఉన్నారా?" అని అడిగారు. వరసపెట్టి అందరం "లేదు సార్" అన్నాం. వచ్చేటప్పుడు లీడర్‌షిప్ మీద, కెరీర్ మీద పది పుస్తకాల లిస్టు చేతిలో పెట్టారు. ఇవి చదివితే మీ లోపాలు పోతాయన్నారు. చందాలేసుకుని మూడు తెచ్చుకున్నాం. రాత్రిళ్లు ఒకరు చదువుతుంటే మిగతావాళ్లం విన్నాం. మాకేమనిపించిందో చెప్తాం.

మొదటిది డేల్ కార్నెగీ రాసిన "హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్". 1936లో వచ్చింది. ఆయనా పేద రైతు కొడుకే. ఎదుటి మనిషి పేరు గుర్తుపెట్టుకుని పిలవమంటాడు. ఆ మాట దగ్గర మేమంతా ఆగిపోయాం. మన అమ్మానాన్నల్ని చేలల్లో పేరుపెట్టి పిలిచేవాళ్లు ఎంతమంది? చాలాచోట్ల కులం పేరే పిలుపు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో మన ఎరుకల పెద్దల పేర్లు పిలిచింది హాజరు వేసుకోడానికి. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. కార్నెగీకి అది పని సాధించుకునే కిటుకు కావచ్చు, మనకి మాత్రం మర్యాద. ఈ పుస్తకం చదవండి.

రెండోది స్టీఫెన్ కవీ రాసిన "సెవెన్ హ్యాబిట్స్", 1989 నాటిది. మన చేతిలో లేనివాటి గురించి బాధపడుతూ కూర్చోకుండా, చేతిలో ఉన్నదాని మీద పనిచెయ్యి, అప్పుడు నీ పరిధి పెరుగుతుంది అంటాడు. నిజమే. కానీ ఒక్కడి పరిధి ఎంత? స్కాలర్‌షిప్ ఆలస్యమైందని ఒక్కడు ఆఫీసుకెళితే రేపు రా అంటారు. నలభైమంది సంతకాలతో కాగితం పట్టుకెళితే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇదీ చదవండి, కానీ నలుగురూ కలిసి చదవండి.

మూడోది నెపోలియన్ హిల్ రాసిన "థింక్ అండ్ గ్రో రిచ్", 1937 నాటిది. గట్టిగా కోరుకుంటే, నమ్మితే డబ్బు వస్తుందనేదే అందులో సారం. మన నాన్నలకి కోరిక తక్కువైందా? కౌలు, వడ్డీ, పురుగుమందుల ఖర్చు, కోతలప్పుడు పడిన వాన, గుంటూరు యార్డులో టిక్కీలు దించాక చెప్పే రేటు, వీటి గురించి అందులో ఏముంది? పేదరికం మన మనసులో ఉందని చెప్పే పుస్తకానికి మన చందా డబ్బులు దండగ అని మా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు కింద రాయండి.

ఇప్పుడు అసలు సంగతి. మూడూ అయ్యాక మాలో ఒక చెల్లి అడిగింది, "మా అమ్మ చేసేది ఇదే కదా?" అని. మిరపకోతల ముఠా గుర్తుచేసుకోండి. తెల్లారకముందే ఇరవైమందిని లేపి ఆటో ఎక్కించేది ఎవరు? రైతుతో కూలి, ఆటో ఖర్చు తెగేసి మాట్లాడేది ఎవరు? బాలింత సాలు వెనకబడితే పక్క సాళ్లవాళ్లు చెయ్యేస్తారు, ఎవరూ లెక్క రాసుకోరు. సాయంత్రం డబ్బులు పంచేటప్పుడు తేడా వస్తే తగువు తీర్చేది ముఠా పెద్దే. సెలవుల్లో మనమూ ఆ సాళ్లల్లో నిలబడినవాళ్లమే. మరి ఆ రోజు "లేదు సార్" అని ఎందుకన్నాం? పని తెలీక కాదు, దానికి వాళ్లు పెట్టిన పేరు తెలీక. కూలి పని అని చెప్పుకోడానికి సిగ్గుపడి కూడా.

అందుకే మా మాట ఇది. ఈ పుస్తకాలు చదవాలి. ఇంటర్వ్యూలో అవతలివాళ్ల భాష వాటిల్లో ఉంది, అది మనకి అవసరం. కానీ మనలో ఏదో లోపం ఉందని ఒప్పుకుని, దానికి మందులాగా చదవొద్దు. ఒక్కో చాప్టర్ అయ్యాక ఇది మన తండాలో, మన కాలనీలో, మన గూడెంలో ఎవరు చేస్తున్నారు అని అడుక్కోండి.

ఈసారి ఆ ప్రశ్న అడిగితే మేము చెప్పబోయేది రాసిపెట్టుకున్నాం: "చేశాం సార్. ఇరవైమంది ముఠాలో మిరపకాయలు కోశాం. కూలి మాట్లాడటం, పని పంచుకోవడం, తగువు తీర్చడం అక్కడే నేర్చుకున్నాం."

మీ ఊళ్లో ముఠా నడిపే అమ్మ గురించి, అక్క గురించి నాలుగు లైన్లు కింద రాయండి. వాళ్లని పేరుపెట్టి రాయండి.