భయం ఇరుగుపొరుగు గురించే

నాజీల ఏలుబడిలోని పోలండ్‌లో యూదుణ్ని ఇంట్లో దాచినవాడికి శిక్ష మరణమే. 1941 అక్టోబర్‌లో గవర్నర్ జనరల్ హన్స్ ఫ్రాంక్ ఆ ఉత్తర్వు ఇచ్చాడు. అది ఉత్తుత్తి బెదిరింపు కాదని మార్కోవా అనే పల్లె చెబుతుంది.

ఆ ఊరి యూజెఫ్ ఉల్మా చిన్న రైతు. పండ్ల మొక్కలు పెంచేవాడు, తేనెటీగలను సాకేవాడు, ఫొటోలు తీసేవాడు. భార్య విక్టోరియా, ఆరుగురు పిల్లలు. ఆ చిన్న ఇంటి అటక మీద ఎనిమిదిమంది యూదులకు చోటిచ్చారు. యుద్ధకాలంలో, కరువు రోజుల్లో పదహారు నోళ్లకు తిండి! దాక్కున్నవాళ్లు తోళ్లు శుద్ధి చేసే పనిలో సాయపడేవారు. ఉల్మాల బైబిల్ ఇప్పటికీ ఉంది. దారిలో గాయపడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్న మంచి సమరయుని కథ దగ్గర గీత గీసి, పక్కన ‘అవును’ అని రాసి ఉంది.

1944 మార్చి 24 తెల్లవారుజామున జర్మన్ పోలీసులు వచ్చారు. ముందు యూదులను, తర్వాత యూజెఫ్‌ను, నిండు గర్భిణి విక్టోరియాను, చివరికి పిల్లలందరినీ కాల్చేశారు. పెద్దపిల్లకు ఏడేళ్లు. ఇంత జరిగాక కూడా అదే ఊళ్లో మిగతా ఇళ్లవాళ్లు తాము దాచినవాళ్లను బయటికి గెంటలేదు. అలా కనీసం ఇరవైమంది యూదులు బతికి బయటపడ్డారు. ఆ ఇళ్ల ధైర్యం గురించి ఎంత రాసినా తక్కువే.

అయితే ఉల్మాల గురించి ఉప్పందించింది పోలిష్ పోలీసేనని చరిత్రకారుల అభిప్రాయం. ఈ ముక్క వదిలేసి మిగతా కథ చెప్పడానికి నా మనసు ఒప్పుకోదు. యూదులను కాపాడినందుకు ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ స్మారక సంస్థ సత్కరించిన పోలండ్ వాళ్లు (పోల్స్) ఏడువేలకు పైమాటే, ఏ దేశం నుంచీ ఇంతమంది లేరు. అది నిజం. పట్టించినవాళ్లు, బెదిరించి డబ్బు గుంజినవాళ్లు ఉన్నారన్నదీ అంతే నిజం. 2018లో పోలండ్ ప్రభుత్వం నాజీల నేరాలను పోలిష్ జాతికి అంటగడితే మూడేళ్ల వరకు జైలని చట్టం తెచ్చింది. విమర్శలు రావడంతో కొద్ది నెలలకే ఆ జైలు శిక్షను తీసేసింది. అసలు అలాంటి చట్టం ఎందుకు? ఉల్మాలకు దానితో పనేముంది?

యుద్ధం ముగిసి జర్మన్లు వెళ్లిపోయాక కూడా, యూదుల ప్రాణాలు కాపాడిన పోల్స్ ఎందరో తమ పేర్లు అచ్చు వేయొద్దని బతిమాలారు. వాళ్ల భయం ఇరుగుపొరుగు గురించే. ఆ భయాన్ని దాచిపెట్టి ఉల్మాలను పొగిడితే, వాళ్లు చేసిన పనిలో సగం చెరిపేసినట్టే.