కాదనరు, కట్టరు

కోటిపల్లి రేవులో పంటెక్కి ముక్తేశ్వరం వైపు వస్తుంటే గౌతమి పాయలో నిలబడ్డ సిమెంటు స్తంభాలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఎవరున్నా అవేంటని అడగకుండా ఉండలేరు. ఈమధ్య ఓ కుర్రాడు మోటారు సైకిలు దిగకుండానే అడిగాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన తువ్వాలు దులుపుకుని, "రైలు వంతెనండి" అన్నాడు.

"ఎప్పటికవుద్దండీ?"

"ఆయ్, అయిపోద్దండి. మా మనవడు ఎక్కుతాడు. వాడికింకా పెళ్లి సంబంధాలు చూస్తన్నావనుకోండి, వాడి మనవడైనా ఎక్కుతాడు."

పంటు మీద ఉన్న పాతికమందీ నవ్వారు. నేనూ నవ్వాను. రేవు దిగి గట్టెక్కాక ఆ నవ్వు తల్చుకుంటే నా మీద నాకే మంటపుట్టింది. ఈ వెటకారం మేం ఇవాళ కొత్తగా నేర్చుకున్నది కాదు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైంది. అప్పట్నుంచీ ఇదే మాటకి ఇలాగే నవ్వుతున్నాం. గోదారోళ్లకి ఎటకారం ఎక్కువని సినిమాల్లో చూసి మురిసిపోయేవాళ్లకి చెప్పొచ్చేదేమిటంటే, అందులో సగం ఏడవలేక వచ్చిందే.

మూడు వైపులా గోదారి పాయలు, నాలుగో వైపు సముద్రం. ఇదీ కోనసీమ. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, నట్టనడుమ వైనతేయ. ఈ మూడు పాయలూ దాటి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, అమలాపురం మీదుగా నరసాపురం చేరాల్సిన దారి పొడవెంతనుకున్నారు? 57 కిలోమీటర్లు. తలుచుకుంటే సైకిలు మీద ఒక్క పూటలో వెళ్లొచ్చు. అంత దూరానికి పట్టాలు వేయడానికి పాతికేళ్లు సరిపోలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది, 1852కల్లా పూర్తయింది. రాజమండ్రిలో గోదారి మీద మొదటి రైలు వంతెన 1897లో మొదలెడితే 1900లో దాని మీద బండి నడిచింది. దాని పొడవు రెండున్నర కిలోమీటర్లకి పైమాటే. ఆవిరి యంత్రాలూ, మనుషుల రెక్కలూ తప్ప వేరే ఆధారం లేని రోజులవి. దొరలు మహా గొప్పవాళ్లని చెప్పడానికి ఇవన్నీ ఎత్తడం లేదు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వేసిందీ ఆ దొరల కాలమే, రెండో ప్రపంచ యుద్ధం వచ్చిందని 1940లో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయిందీ ఆ దొరల కాలమే. స్వతంత్రం వచ్చాక ఆ 45 కిలోమీటర్ల పట్టాలూ మళ్లీ పడటానికి 2004 దాకా పట్టింది. దాని మీద నడిపింది ఒక్క పెట్టె రైలుబస్సు. అయినా మా వాళ్లు ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణీ, కోటిపల్లి సోమేశ్వరుణ్ణీ చూసుకోవడానికి అందులో పోయి మురిసిపోయారు. 2020లో కరోనా వచ్చి దేశంలో ప్రయాణికుల రైళ్లన్నిటితో పాటు అదీ ఆగింది.

గంటి మోహనచంద్ర బాలయోగి మా ప్రాంతం మనిషి. ఎదుర్లంకలో పుట్టి, అమలాపురం నుంచి గెలిచి, లోక్‌సభ స్పీకరు కుర్చీలో కూర్చున్నాడు. కోనసీమకి రైలు రావాలని పట్టుబట్టింది ఆయనే. ఆ లైను కాగితం మీదకి ఎక్కడం ఆయన చలవే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి పోయాడు. ఆయనతో పాటే ఆ ఫైలుకీ దిక్కు పోయిందని మా ఊళ్లో అనుకుంటారు. పోయినాయన కొడుకు హరీష్ మాధుర్ పెరిగి పెద్దవాడై, 2024లో అదే అమలాపురం నుంచి అదే లోక్‌సభకి వెళ్లాడు. తండ్రి సాధించిన లైను ఎప్పుడు పూర్తి చేస్తారని కొడుకు అడగాల్సిన వంతొచ్చింది. ఇంతకంటే ఏం చెప్పాలండీ ఈ ఆలస్యం గురించి!

మా పెదనాన్నకి రైల్వే బడ్జెట్ అంటే పండగ. ఫిబ్రవరి వచ్చిందంటే పేపరు కుర్రాడి కోసం తెల్లారకుండానే వీధరుగు మీద కూర్చునేవాడు. ఆ రోజు పేపర్లో మనకెంత ఇచ్చారో వెతికి, కత్తెరతో కత్తిరించి, పెళ్లి శుభలేఖలు దాచుకునే ట్రంకుపెట్టెలో పెట్టేవాడు. ఒక్కో ఏడు ఇన్ని కోట్లు, ఒక్కో ఏడు గీసి గీసి అన్ని కోట్లు. 2017 నుంచి రైల్వే బడ్జెట్టే విడిగా లేకుండా పోయింది. ఎక్కడుందో, ఎవరిని అడగాలో ఆయనకి అంతుపట్టలేదు. పింక్ బుక్ అని ఒకటుంటుందనీ, అందులో వెతుక్కోవాలనీ నేను చెప్తే, "అదేంట్రా, మన పేరు మనం వెతుక్కోవాలా" అన్నాడు. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది. కత్తిరింపులు పసుపు రంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. వందల కోట్లలో మొదలైన అంచనా రెండు వేల కోట్లు దాటింది. ఇవాళ మనం కడుతున్నది రైలు ఖరీదు ఒక్కటే కాదు, ఆలస్యం ఖరీదు కూడా.

ఎందుకు ఆగిందయ్యా అని ఢిల్లీని అడిగితే, ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టాలి, పెట్టలేదంటుంది. రాష్ట్రాన్ని అడిగితే ఖజానా సంగతి తెలుసు కదా అంటుంది. భూమి సేకరించి ఇవ్వలేదని వాళ్లు, సేకరించడానికి డబ్బులేవని వీళ్లు. పాతికేళ్లలో రెండు చోట్లా అన్ని రంగుల జెండాలూ ఎగిరాయి. అక్కడా ఇక్కడా ఒకరికొకరు పడని రోజులు చూశాం, ఒకే పంక్తిలో కూర్చుని తిన్న రోజులూ చూశాం. పడకపోయినా రైలు రాలేదు, పడినా రాలేదు. ప్రతి ఎన్నికకీ ఊరేగింపు జీపు మీద నుంచి మాత్రం కూత పెట్టుకుంటూ వస్తుంది.

నన్ను కాల్చేది ఇదే. ఒక్కరూ కాదనరు. కాదంటే పోట్లాడొచ్చు, కోర్టుకెళ్లొచ్చు, లేదంటే ఓ దణ్ణం పెట్టి ఊరుకోవచ్చు. తప్పకుండా చేస్తాం, పరిశీలనలో ఉంది, పురోగతిలో ఉంది. ఈ మాటల్ని పట్టుకుని ఎవడు గెలుస్తాడు?

రోడ్లున్నాయి కదా, రోడ్డు వంతెనలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, కాదన్ను. యానాం–ఎదుర్లంక వంతెనా, చించినాడ వంతెనా, బోడసకుర్రు వంతెనా లేకపోతే మా బతుకులు ఇంకా రేవుల్లోనే తెల్లారేవి. అయినా సఖినేటిపల్లి నుంచి నరసాపురం కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంటుంది, దాటడానికి పంటే దిక్కు. పంటంటే తెలియనివాళ్లకి చెప్తాను. నాటు పడవలు పక్కపక్కన బిగించి పైన బల్లలు పరుస్తారు. దాని మీదే మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, బడిపిల్లలు, పురిటికెళ్లే ఆడకూతురు. వరదొస్తే ఆపేస్తారు. ఎండాకాలం ఇసుక మేటలేస్తే చుట్టూ తిప్పుతారు.

రైలు లేకపోవడం అంటే ఏమిటో మా అమ్మ వల్ల తెలిసింది నాకు. ఆవిడకి జబ్బు చేసి నెల నెలా హైదరాబాదు తీసుకెళ్లాల్సి వచ్చిన రోజులు. బస్సులో రాత్రంతా కూర్చోలేదు, రైలైతే నడుం వాల్చొచ్చు. రైలెక్కాలంటే అరవై పైచిలుకు కిలోమీటర్లు రావులపాలెం మీదుగా రాజమండ్రి పోవాలి. సాయంత్రం నాలుగింటికే బయల్దేరేవాళ్లం. బస్సు కుదుపులకి వాంతొస్తుందని నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఒకసారి రావులపాలెం దగ్గర లారీలు నిలిచిపోయి గంటన్నర కదల్లేదు. మేం స్టేషను చేరేసరికి బండి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద, తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది తినలేదు. కాసేపటికి మెల్లగా అంది: "మనూళ్లో స్టేషనుంటే రా, నేను ఇంట్లో పడుకుని ఉండేదాన్ని. కూత వినపడ్డాక లేచొచ్చేదాన్ని."

అమ్మ పోయి పదేళ్లు దాటింది. రైలుంటే బతికేదని నేను అనను, అంత అబద్ధం ఆడను. ఆ నెల నెలా పడ్డ యాతన పడాల్సిన అవసరం లేదంటున్నాను.

ఇలాంటి కథ లేని ఇల్లు ఇక్కడ ఉండదు. కువైటో దుబాయో పోయే ఆడకూతుళ్లు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు బస్సు కోసం సెంటర్లో నిలబడతారు. సంక్రాంతికి పిల్లలు రావాలంటే ప్రైవేటు బస్సువాడు చెప్పిందే రేటు. అంబాజీపేట కొబ్బరి ఉత్తరాదికి లారీల మీదే పోవాలి, డీజిలు ధర పెరిగినప్పుడల్లా రైతు రేటు తరగాలి. 2022 ఏప్రిల్ 4న మాకు జిల్లా ఇచ్చారు, అమలాపురాన్ని జిల్లా కేంద్రం చేశారు. కలెక్టరు బంగళా ఉంది, ఎస్పీ ఆఫీసు ఉంది. రైలు స్టేషను లేదు.

ఈ నేల నుంచి తీసుకెళ్లడానికి మాత్రం ఏ గోదారీ ఎవరికీ అడ్డు రాలేదు. మా కొబ్బరితోటల కింద గ్యాసు ఉందని తెలిసిన రోజున ఏ ఫైలూ ఆగలేదు. రిగ్గులు దిగాయి, పైపులైన్లు పడ్డాయి, పాయల్ని దాటాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి, 65 రోజులు మండింది. రాత్రుళ్లు మా ఊళ్లో దీపాలక్కర్లేకుండా ఆకాశం ఎర్రబడేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలి ఇరవైమందికి పైగా బూడిదయ్యారు. టీ కాచుకుందామని పొయ్యి వెలిగించే వేళ. మా కింద నుంచి పోయే గ్యాసుకి ఉన్న తొందర, మా మీద నుంచి పోవాల్సిన రైలుకి ఎందుకు లేదు? ఇంత తీసుకున్నారు, 57 కిలోమీటర్ల పట్టాలు అడిగితే ముష్టి అడిగినట్టు చూస్తారే!

ఇంకో మాట కూడా వినపడుతుంటుంది. కోనసీమ రైతులు భూమి ఇవ్వరట, అందుకే ఆలస్యమట. మా చుట్టం ఒకాయన తోటలో సర్వే రాయి పడి ఎన్నేళ్లయిందో ఆయనకే లెక్క లేదు. తోట అమ్మబోతే కొనేవాడు ముందు రాయి చూస్తాడు, తర్వాత వెనక్కి తిరుగుతాడు. కొత్త మొక్క వేద్దామంటే, కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు, ఈలోగా రైలొస్తే? రాకపోతే? ఇవ్వనని ఆయన ఎప్పుడూ అనలేదు. తీసుకోమంటున్నాడు, సరైన ధర ఇచ్చి తీసుకోమంటున్నాడు. లైను మంజూరైన ఏడు ఆయన గట్టున నాటిన మొక్క ఇవాళ మానై, దింపు తీయడానికి ఎక్కే మనిషి దొరకనంత ఎత్తు పెరిగింది.

మూడు పాయల్లోనూ స్తంభాలు లేచాయి, నిజమే. కనక పని జరుగుతోందని ఎవరైనా ఫొటో చూపించొచ్చు. స్తంభాల మీద రైలు నడవదు. వాటి మీద ఇప్పుడు కాకులు వాలుతున్నాయి, పంటు నడిపేవాళ్లకి రాత్రిళ్లు గురుతుగా పనికొస్తున్నాయి.

ఢిల్లీలో ఉన్నవాళ్లకీ, అమరావతిలో ఉన్నవాళ్లకీ కలిపి ఒకటే అడుగుతున్నాను. కోటి ఇచ్చాం, వంద కోట్లిచ్చామని ఇక చెప్పొద్దు. ముక్తేశ్వరం రేవులో ఓ రేకు బోర్డు పాతి, అమలాపురానికి మొదటి బండి ఏ రోజున వస్తుందో తేదీ వేయండి. వేయలేకపోతే, "కట్టం" అని అదే బోర్డు మీద రాసి కింద సంతకం పెట్టండి. రెండోది రాసినా మేం ఏమీ అనుకోం. ఆ స్తంభాలకి పంట్లు కట్టేసుకుంటాం.