హీనా ఎవరి దేవత?

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాన్ 1893లో పసిఫిక్ ద్వీపం తాహితీ నుంచి ఫ్రాన్స్ తిరిగొచ్చి, తెచ్చిన చిత్రాలు పారిస్‌లో ప్రదర్శనకు పెడితే చాలామందికి తలా తోకా అర్థం కాలేదు. తన తాహితీని విడమరిచి చెప్పాలని ‘నోవా నోవా’ అనే పుస్తకం మొదలుపెట్టాడు. దానికి తోడుగా ఆ చలికాలంలో చెక్కినవే పది వుడ్‌కట్‌లు, అంటే చెక్క మీద బొమ్మ చెక్కి తీసే అచ్చులు. ఆయన తైలవర్ణ చిత్రాల కంటే వీటికే నేను పెద్దపీట వేస్తాను.

పుస్తకాల బొమ్మలకు ఆ రోజుల్లో వాడే గట్టి బాక్స్‌వుడ్ చెక్కలే ఆయనా తీసుకున్నాడు. అచ్చుపనివాళ్లు వాటి మీద వెంట్రుకవాసి గీతలతో నున్నటి బొమ్మ తెచ్చేవారు. గోగాన్ ఉలితో దొలిచాడు, సూదితో గీరాడు, గరుకు కాగితంతో రుద్దాడు. ‘మనావో తుపాపావు’ చూడండి. ఒక స్త్రీ కడుపులో బిడ్డలా ముడుచుకుని పడుకుంది. చుట్టూ చిక్కటి నలుపు. అందులో పొంచి ఉన్నది తుపాపావు, అంటే చచ్చినవాళ్ల ఆత్మ. ఆయన స్వయంగా తీసిన ప్రతుల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. 1921లో కొడుకు పోలా అవే చెక్కల నుంచి కోపెన్‌హాగెన్‌లో వందేసి ప్రతులు తీశాడు. వాటిలో గీతలన్నీ స్పష్టం. రెండూ పక్కపక్కన పెడితే, తండ్రి ఆ గీతల్ని కావాలనే చీకట్లో ముంచాడని తెలిసిపోతుంది. ఆ చీకటే ఆయన ప్రతిభ.

దేవుళ్ల సంగతి వేరు. లండన్ మిషనరీలు 1797లోనే తాహితీలో దిగారు. 1819లో రాజు రెండో పొమారే బాప్తిస్మం తీసుకున్నాడు. విగ్రహాలు కొన్ని మంటల పాలయ్యాయి, కొన్ని లండన్ చేరాయి. 1891లో గోగాన్ వెళ్లేసరికి పాత కొలువులు దాదాపు లేవు. మనిషిని చచ్చాక మళ్లీ బతికించమని చంద్రదేవత హీనా అడుగుతుంది, భూమికి అధిపతి ఫాతు ససేమిరా అంటాడు. ఇంత గొప్ప కథ ఆయనకు దొరికింది 1837లో మోరెన్‌హౌట్ అచ్చువేసిన ఫ్రెంచి పుస్తకంలో. ‘నోవా నోవా’లో మాత్రం ఆ పాత విద్యంతా తన తాహితీ భార్య చెప్పినట్టు రాశాడు. ఆమె వయసు పదమూడేళ్లని రాసిందీ ఆయనే. ‘మరూరూ’ అనే వుడ్‌కట్‌లో కనిపించే కొండంత హీనా విగ్రహం కూడా ఆయన ఊహే. తాహితీ వాళ్లు దేవుడికి ప్రతిరూపంగా కొలిచిన ‘తోఓ’ కొబ్బరిపీచు తాళ్లు బిగించి, ఎర్ర ఈకలు కట్టిన కొయ్య.

కళాకారుడు ఊహించడం తప్పు కాదు. ఆ ఊహను పాలినేషియా ఆధ్యాత్మికత పేరుతో మ్యూజియం గోడకు తగిలించడం తప్పు. మోరెన్‌హౌట్ పేరూ, ఆ పిల్ల వయసూ బొమ్మ పక్కనే రాసి పెట్టాలి. ఆ ద్వీపాల వాళ్ల పనిని కూడా అదే గదిలో చూపించాలి. నియూ ద్వీపంలో పుట్టిన జాన్ పూలే తమ బెరడువస్త్రం హియాపో మీది అల్లికలను చిత్రాల్లోకీ అచ్చుల్లోకీ తెచ్చారు. సమోవా మూలాలున్న యూకీ కిహారా 2022 వెనిస్ బియెన్నాలేలో గోగాన్ చిత్రాలనే తన మనుషులతో మళ్లీ ఫోటోలు తీసి జవాబిచ్చారు.

ఈ అచ్చులు ఎక్కడ కంటపడినా నిలబడి చూడండి. నలుపును గోగాన్ ఖాతాలో వేయండి, హీనాను తాహితీ ఖాతాలో వేయండి. పాలినేషియా వాళ్ల నమ్మకాలు తెలుసుకోవాలనుంటే మాత్రం వాళ్లనే అడగండి.