కార్డు వేరు, వైద్యం వేరు

ఆరోగ్య సంస్కరణల మీద వ్యాసం రాయమంటే మనలో ఎక్కువమంది ఆయుష్మాన్ భారత్‌తో మొదలుపెట్టి, చివర్లో నాలుగు సూచనలు పడేసి ముగిస్తాం. ఆ సూచనలు సరైనవే. 1946 నుంచీ సరైనవే. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని భోర్ కమిటీ ఆ ఏడాదే చెప్పింది. మరి అడ్డుపడింది ఏమిటి? నిధుల కొరత, డాక్టర్ల కొరత అని రాస్తే మార్కులు పడతాయి. నిజం మాత్రం అందులో సగమే.

బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్ చూడండి. తార్ అంటే తీగ, బాహర్ అంటే బయట. రైల్వే పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న ఊరిది. ఇక్కడ రైల్వే ఉద్యోగికి జ్వరమొస్తే హెల్త్ యూనిట్ ఉంది. అక్కడ తేలకపోతే ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర ఆసుపత్రి, అదీ దాటితే బయటి పెద్దాసుపత్రికి రిఫరల్. డాక్టరుది నెల జీతం, కాబట్టి అక్కర్లేని స్కానింగ్ రాస్తే ఆయనకు ఒరిగేదేమీ లేదు. బీపీ మాత్రలు కౌంటర్లోనే ఇస్తారు. రిటైరైనా ఈ సౌకర్యం పోదు.

అదే ఇంట్లోంచి వేరుపడి ఆటో నడుపుకునే కొడుక్కి? అర్హత ఉంటే ఆయుష్మాన్ కార్డు. ఆసుపత్రిలో చేరితే కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు. చేరకపోతే, అంటే నెలనెలా షుగరు మాత్రలకు, ఆ కార్డు పనికిరాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచీ మనకు తెలిసిన కథే ఇది: గుండె ఆపరేషన్ ఉచితం, గుండెను కాపాడే మాత్ర మెడికల్ షాపులో. 2021-22లో దేశ వైద్య ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది. ప్రభుత్వాల వాటా జీడీపీలో 1.84 శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025కల్లా 2.5 శాతం అంది.

తీగ బయట ప్రభుత్వ వైద్యం ఎలా ఉంటుందో 2014 నవంబరులో ఈ జిల్లాయే చూపింది. వాడకంలో లేని ఆసుపత్రి భవనంలో ఒక్కరోజే 83 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుకు 30 మించకూడదన్నది ప్రభుత్వం పెట్టుకున్న నిబంధనే. జిల్లాలో ఆ నెల శిబిరాల తర్వాత 13 మంది చనిపోయారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపాలని 2016లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో చెప్పాల్సి వచ్చింది. ఆ వరుసలో ఒక్క అధికారి ఇంటి ఆడమనిషి నిలబడి ఉంటే శిబిరం అలా నడిచేదా?

అసలు అడ్డు అక్కడుంది. విధానాలు రాసేవాళ్లకు 1954 నుంచీ సీజీహెచ్ఎస్ ఉంది. రేపు మీరు ఎంపికైతే మీకూ వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు లేకపోతే మీ ఇంట్లో ఎవరికీ తెలియదు.

రైల్వే పద్ధతి ఖరీదైనది, దేశమంతటికీ కుదరదంటారా? బిలాస్‌పూర్‌కు దగ్గర్లోనే గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు తక్కువ ఖర్చుతో పల్లెలకు మంచి వైద్యం చేసి చూపారు. ఛత్తీస్‌గఢ్ 2002లో మొదలుపెట్టిన మితానిన్‌లే 2005లో దేశమంతా ఆశా కార్యకర్తలకు నమూనా అయ్యారు.

రైల్వే హెల్త్ యూనిట్ ఓపీని చుట్టుపక్కల వార్డులకూ తెరవండి, ఖర్చు రాష్ట్రం భరించాలి. యూనియన్లు ఒప్పుకోవు, క్యూ పెరుగుతుందంటాయి. పెరుగుతుంది. అప్పుడు రెండో డాక్టరు పోస్టు కోసం అరిచేవాళ్లలో రైల్వే ఉద్యోగి కూడా ఉంటాడు.